పప్పు ఉడికే ఊరు

మా ఆవిడ బ్యాగులో చీరల కింద చిన్న ఎలక్ట్రిక్ కుక్కరు, ఒక పాత హార్లిక్స్ సీసాలో కందిపప్పు సర్దుకుంది. ఇల్లు వెతకడానికి వెళ్తున్నామా, వనభోజనాలకా అని నవ్వాను. "నీళ్ల సంగతి మనుషుల్ని అడిగితే అందరూ బాగానే ఉంటాయంటారండీ, పప్పు అబద్ధం చెప్పదు" అంది. ఆవిడ చిన్నప్పుడు పెరిగిన ఊళ్లో బోరు నీళ్లతో పప్పు గంటన్నర పెట్టినా పలుకుపలుకుగానే ఉండేదట. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే గింజ మెత్తబడదు, కిటుకు అంతే.

నాకు యాభై ఏడు. హైదరాబాదులో ఉద్యోగం మానేసి ఏడాదైంది. పూర్తిగా కూర్చోలేదు, ఓ పన్నెండు మంది షాపులవాళ్ల జీఎస్టీ రిటర్నులు ఇంట్లోంచే చేస్తుంటాను, దాని మీద పాతికవేలు వస్తాయి, బ్యాంకు వడ్డీ ఇంకొంత. ఆ డబ్బుతో కూకట్‌పల్లిలో అపార్టుమెంటు అద్దె, మెయింటెనెన్సు పోను మిగిలేదేమీ లేదు. పిల్లాడు హైదరాబాదులో, అమ్మాయి చెన్నైలో. రెండింటికీ మధ్య రైలు ఆగే ఊరేదైనా చూసుకుంటే బాగుంటుందని ఒంగోలు నుంచి నెల్లూరు దాకా తొమ్మిది రోజులు తిరిగొచ్చాం. కావాలనే మే నెలలో వెళ్లాం. డిసెంబరు, జనవరిల్లో ఏ ఊరైనా బాగానే ఉంటుంది, రోళ్లు పగిలే ఎండలో చూస్తేనే దాని సంగతి తెలుస్తుంది.

సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కితే తెల్లారకముందే ఒంగోల్లో దించేసింది. స్టేషన్ దగ్గర్లో ఒక లాడ్జిలో దిగాం, ఏసీ గది పధ్నాలుగు వందలు. ఇరవై నాలుగు గంటల చెకౌట్ అన్నాడు, మర్నాడు ఖాళీ చేసేటప్పుడు మాత్రం పొద్దున ఎనిమిది లెక్కన రెండు రోజులు వేశాడు. అదేమంటే బోర్డు చూపించాడు, బోర్డేమో తలుపు వెనకాల ఉంది. పోట్లాడి మూడొందలు తగ్గించుకున్నాను. చెకౌట్ సంగతి రసీదు మీద రాయించుకోకుండా డబ్బు కట్టకండి.

ఒంగోలు నిజానికి నాకు నచ్చింది. అన్నీ ఉన్నాయి, ప్రభుత్వ పెద్దాసుపత్రి, ప్రైవేటు డాక్టర్లు, కూరగాయల మార్కెట్టు, ఎటు కావాలంటే అటు బస్సు. అల్లూరయ్య మైసూరుపాక్ కొనుక్కుని కొత్తపట్నం బీచికెళ్తే సాయంత్రం నాలుగు తర్వాత సముద్రపు గాలికి ప్రాణం లేచొచ్చింది. రెండు బెడ్‌రూముల పోర్షన్లు మేం అడిగినచోట పది, పదకొండు వేలు చెప్పారు. అయితే ఒక ఇంట్లో ముందు హాలు కన్నా పెద్ద సంపు కనిపించింది. ఇంత పెద్దదెందుకమ్మా అని ఓనరుగారిని అడిగితే "నీళ్లు రోజూ రావు కదండీ, వచ్చినరోజు పట్టుకోవాలి" అంది ఆవిడ, అదేదో మామూలు విషయంలాగా. ఒంగోలుకి తాగునీళ్లు సాగర్ కుడికాలవ నుంచి వస్తాయి, వాటిని చెరువుల్లో నింపి వేసవంతా వాడుకోవాలి. ఆ కుళాయి నీళ్లకి పప్పు బానే ఉడికింది, ముప్పై నిమిషాలు. ఆ ఇంటి బోరు నీళ్లకి మాత్రం ఊహూఁ.

అక్కణ్ణించి కంభం. ఇది నా పిచ్చి. కంభం చెరువు గురించి ఎప్పటి నుంచో వింటున్నాను, దాని ఒడ్డున ఒక చిన్న ఇల్లు, పొద్దున్నే టీ గ్లాసుతో కొంగల్ని చూడటం, ఇలాంటి ఊహలు. ఒంగోలు నుంచి బస్సు చీమకుర్తి మీదుగా వెళ్తుంది. నల్లరాయి మీద మెరుపు చుక్కలుండే గెలాక్సీ గ్రానైటు ఇక్కడి క్వారీల్లోదే, రోడ్డు పక్క చెట్ల ఆకుల మీదా ఆ రాతి దుమ్మే. పొదిలి, పలకలకి పేరుపడ్డ మార్కాపురం దాటుకుని కంభం చేరేసరికి మా ఇద్దరి మొహాలూ తందూరి రొట్టెల్లా అయ్యాయి.

చెరువు మాత్రం చెరువే. విజయనగర రాజుల కాలంలో రెండు కొండల మధ్య గుండ్లకమ్మకి అడ్డంగా కట్ట కట్టారు, 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల్లో దానికి చోటు దొరికింది. మేం వెళ్లేసరికి నీళ్లు బాగా వెనక్కి పోయి, ఒడ్డంతా బీటలు పడ్డ ఒండ్రు, అందులో గేదెల కాలిముద్రలు గట్టిగా ఎండిపోయి గిన్నెల్లా ఉన్నాయి. ఒక గిన్నెలో ఇంకా కాసిని నీళ్లుంటే ఒక పిచ్చుక తాగుతోంది. మా ఆవిడ కట్ట మీద అరగంట సేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుంది, ఆవిడ మాట్లాడకుండా ఉంటే నచ్చిందని అర్థం. అద్దెలు చెప్పుకోవడానికే సిగ్గేసేంత తక్కువ, మంచి ఇల్లు నాలుగున్నర వేలు.

ఆ రాత్రి ఇరవయ్యో తారీఖు. జీఎస్టీ పని చేసేవాళ్లకి ఈ తారీఖు చెప్పక్కర్లేదు, నెలనెలా వేసే త్రీబీ రిటర్నుకి ఆఖరి రోజు. రెండు రిటర్నులు కావాలనే మిగుల్చుకుని వచ్చాను, ఊరి నెట్ ఎలా ఉందో చూద్దామని. తొమ్మిదికి కరెంటు పోయింది. ఫోను సిగ్నలు రెండు గీతలకి దిగిపోయింది. ఓటీపీ రావడం, నేను కొట్టేలోపు టైమైపోవడం, మళ్లీ మొదటికి. చివరికి లాడ్జి మేడెక్కి వాటర్ ట్యాంకు పక్కన నిలబడి, ఒక చేత్తో ల్యాప్‌టాపు, ఒక చేత్తో ఫోను పట్టుకుని పదకొండున్నరకి పూర్తి చేశాను. మేడ మీద పడుకున్న లాడ్జి కుర్రాడు లేచి "ఏంది సార్, దొంగ లెక్కలా?" అన్నాడు. ఒక్క రాత్రి చూసి ఊరిని తిట్టడం తప్పే కానీ, టెన్షన్ పడలేకే కదా నేను ఉద్యోగం మానేసింది.

అసలు అడ్డం వేరే ఉంది. పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు, కనిగిరి, పొదిలి చుట్టుపక్కల భూగర్భ జలాల్లో ఫ్లోరైడు సమస్య ఎప్పటి నుంచో ఉన్నదే. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాము దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు, ఎముకలు దెబ్బతింటాయి, నీళ్లు కాచినా అది పోదు. ఫ్లోరైడు సంగతి మా పప్పుకి తెలియదు కదా. ఈ వైపు ఇల్లు చూసుకునేవాళ్లు బోరు నీళ్లు ల్యాబులో పరీక్ష చేయించకుండా ముందుకెళ్లొద్దు. వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల్లోంచి శ్రీశైలం నీళ్లు వస్తే ఈ ప్రాంతం కథ మారుతుందని టీ కొట్టు దగ్గర పెద్దాయన అన్నాడు, నా వయసువాడికి మాత్రం ఎదురుచూసే టైము లేదు. మా ఆవిడకి గుండెకి సంబంధించి ఆర్నెల్లకోసారి చూపించుకోవాలి, అర్ధరాత్రి ఏదన్నా అయితే ఆ గుంతల రోడ్డు దాటుకుని పోవడం... వద్దులే అనుకున్నాం. కంభానికి చుట్టాల్లా ఏడాదికోసారి వద్దామంది.

కావలి గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకుండా వెళ్లాం, అందుకేనేమో బాగా నచ్చింది. హైవే పక్కనే ఉన్నా ఊళ్లోకి వస్తే హడావిడి లేదు. 1951లో పెట్టిన జవహర్ భారతి కాలేజీ వల్ల ఊరికి చదువుకున్న ఊరన్న పేరుంది, సాయంత్రం అరుగుల మీద రిటైరైన లెక్చరర్లు పేపర్లో సంపాదకీయం మీద కొట్లాడుకుంటూ కనిపించారు. నేను ఆగి వింటుంటే ఒకాయన కుర్చీ జరిపి "కూర్చోండి సార్, మీరు ఏ పార్టీ?" అన్నాడు. సింహపురి, పినాకిని రెండూ ఆగుతాయి, తుమ్మలపెంట బీచి ఆటోలో వెళ్లొచ్చేంత దూరం, నెల్లూరు బస్సులో గంటా గంటంబావు. మెస్సులో భోజనం నూట పది, అడక్కుండానే రెండోసారి పప్పుచారు పోశారు. నెట్ కూడా చూశాను, చూసిన ఇంటి ఓనరుగారి అబ్బాయి ఫైబర్ కనెక్షను మీద, ఏ ఇబ్బందీ లేదు.

రెండే చిక్కులు. ఒకటి, ఏ బ్రోకరుతో మాట్లాడినా మొదటి మాట "పోర్టు వస్తోంది సార్". రామాయపట్నం పోర్టు దగ్గరే కాబట్టి స్థలాల రేట్లకి రెక్కలొచ్చాయి, అద్దెలు కూడా దాని వెనకే నడుస్తున్నాయి. ఏడు వేలని ఫోన్లో చెప్పిన ఇల్లు చూడ్డానికి వెళ్లేసరికి తొమ్మిదైంది. నిమ్మళంగా ఉందని మనం పోయి చేరే ఊరు ఐదేళ్లకి లారీల ఊరైతే ఏం చేస్తాం? రెండోది పప్పు. ఆ ఇంటి బోరు నీళ్లతో యాభై నిమిషాలు పెట్టినా గింజ గింజలాగే ఉంది, కొంచెం వాచిందంతే. క్యాను నీళ్లు వాడుకోవచ్చండీ అని ఓనరుగారు సర్దిచెప్పబోయారు. మా ఆవిడ గరిటెతో ఒక గింజ తీసి వేళ్ల మధ్య నొక్కి, నాకు చూపించి, మూత పెట్టేసింది. ఇంకో వీధిలో ఇంకోలా ఉండొచ్చు, ఊరంతటికీ ఇది తీర్పు కాదు.

నెల్లూరు గురించి పొట్టిగా చెప్తాను, ఎందుకంటే అది మాకు కాదని మొదటి గంటలోనే తెలిసిపోయింది. తిండికి నెల్లూరే. పొద్దున ఎర్రకారం పూసి పైన పప్పులపొడి చల్లిన కారం దోసె, మధ్యాహ్నం మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసు. ముందురోజు రాత్రి కాచి పెట్టిందా అంటే సర్వర్ అబ్బాయి చిన్నబుచ్చుకుని "రేత్రిదే సార్, ఈ రోజుది ఎవరు తింటారు?" అన్నాడు. డాక్టర్లకి కొదవలేదు. స్వర్ణాల చెరువు గట్టు మీద పొద్దున్నే నడిచాం, రొట్టెల పండగకి జనం విరగబడే చోటు ఆ రోజు ఖాళీగా, చల్లగా ఉంది. కానీ ఏడున్నర దాటాక రోడ్డు దాటాలంటే భయం, అద్దె పదమూడు, పధ్నాలుగు, దోమలు సరేసరి. నెమ్మదిగా బతుకుదామని కూకట్‌పల్లి వదిలి మళ్లీ ట్రాఫిక్‌లోకే వచ్చి పడటం దేనికి? మైపాడు బీచి దగ్గర ఇళ్లు కూడా ఒకటి రెండు చూశాం, ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు రేకులు రేకులుగా ఊడొస్తున్నాయి, అక్కడితో సముద్రం పక్కన ఇల్లు అనే సరదా తీరిపోయింది.

లాడ్జిలో కుక్కరు వాసనకి మేనేజరు తలుపు కొట్టాడు. వంటలు చేయకూడదమ్మా అన్నాడు. వంట కాదు బాబూ, టెస్టు అని మా ఆవిడ మొత్తం కథ చెప్పింది. ఆయన తలుపుకి ఆనుకుని విని, "అయితే బుచ్చికి పోండి మేడం, మా అత్తగారి ఊరు, పప్పు ఇట్టే ఉడుకుద్ది" అన్నాడు.

బుచ్చి అంటే బుచ్చిరెడ్డిపాళెం, నెల్లూరు నుంచి పడమరగా ముంబై రోడ్డు మీద బస్సెక్కితే అరగంట చిల్లర. మా లిస్టులో లేనే లేదు. చుట్టూ పెన్నా ఆయకట్టు వరిపొలాలు, పెద్ద కోదండరామాలయం, దగ్గర్లోనే కనిగిరి రిజర్వాయరు. పాత ప్రకాశం జిల్లాలోని కనిగిరికీ దీనికీ సంబంధం లేదు, నేను కూడా మొదట కంగారుపడ్డాను. మే నెల కాబట్టి కాలవ ఎండిపోయి ఉంది, కోతలు అయిపోయి మోళ్లు, ఆ మోళ్లు కాల్చిన వాసన. అందంగా ఉందని చెప్పను. గుడి వెనక సందులో మిద్దె మీద రెండు గదులు, వంటిల్లు, ముందు వేపచెట్టు నీడ పడే వరండా, అద్దె ఆరు వేలు, అడ్వాన్సు రెండు నెలలు. మేనేజరుగారు ముందే ఫోను చేసినట్టున్నాడు, ఇంటి ఓనరు పెద్దావిడ మమ్మల్ని చూడగానే "కుక్కరు బయట పెట్టమ్మాయ్" అంది.

ఇరవై ఐదు నిమిషాలు. గరిటె ఆనించగానే మెదిగిపోయింది. పెద్దావిడ ఇంట్లోకెళ్లి నల్లకారం, నెయ్యి తెచ్చింది, ముగ్గురం ఆ టెస్టుని తినేశాం.

వెంటనే అడ్వాన్సు ఇచ్చేయలేదు. నెల్లూరు వైపు వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే కదా, 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి, అది టీవీలో చూసిన గుర్తుంది. ఈ సందులోకి నీళ్లొచ్చాయా అని పెద్దావిడనీ, ఎదురింటి వాళ్లనీ, మూలమీద ఇస్త్రీ బండి అతన్నీ విడివిడిగా అడిగాను. ముగ్గురూ రాలేదనే చెప్పారు, ఇస్త్రీ అతను మాత్రం "నీళ్లు రాలేదు సార్, దోమలొచ్చినయ్" అన్నాడు. ఆర్నెల్లకి మాట్లాడుకున్నాం, జూలై నుంచి డిసెంబరు దాకా, ఆ వానలేవో ఉండే చూద్దామని.

తిరుగు రైలుకి నెల్లూరు వచ్చి, ఇంకా రెండు గంటలుంటే బజారులోకెళ్లి డబుల్ కాట్ సైజు దోమతెర కొన్నాం. ఎనిమిది వందలు చెప్పి ఆరువందల యాభైకి ఇచ్చాడు.