కేయూనిట్: పాత కెర్నల్ టెస్టులను మార్చి, చాలాకాలం వాడాక

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్ 5.5తో కేయూనిట్ వచ్చింది. కెర్నల్ కోడ్‌లోని చిన్న చిన్న భాగాలను విడివిడిగా టెస్ట్ చేసే ఫ్రేమ్‌వర్క్ ఇది. నేను నల్గొండలో ఇంటి నుంచే పని చేస్తాను. మా టీమ్ డ్రైవర్లకు ఎప్పుడో రాసుకున్న మాడ్యూల్ టెస్టులను ఒక్కొక్కటిగా ఇందులోకి మారుస్తూ వచ్చాను. అంత శ్రమ పడొచ్చా అంటే, తప్పకుండా పడొచ్చు.

పాత పద్ధతిలో మాడ్యూల్ ఎక్కించి, కెర్నల్ లాగ్‌లో వెతుక్కోవాలి. ఒకరు చివర 'ఆల్ పాస్డ్' అని రాస్తారు, ఇంకొకరు ఏమీ రాయరు. కెర్నల్‌లో క్రిప్టో కోడ్‌ను పరీక్షించే టీక్రిప్ట్ మాడ్యూల్ అయితే అన్నీ పాసైనా కావాలనే ఎర్రర్ ఇస్తుంది, మాడ్యూల్ మెమరీలో ఉండిపోకూడదని. కొత్తవాళ్లు అది చూసి ఫెయిలైందనే అనుకుంటారు.

మా రింగ్ బఫర్ టెస్ట్ కూడా ఇదివరకు 'ఫెయిల్' అని ఒక్క మాట చెప్పి ఊరుకునేది. మార్చాక, బఫర్‌లో స్థానాన్ని చూపే హెడ్ 0 కావాల్సిన చోట 64 వచ్చిందని ఫైలు పేరు, లైను నంబరుతో సహా చూపించింది. బఫర్ చివరికి చేరాక మళ్లీ మొదటికి తిరగడం లేదని చూడగానే అర్థమైంది.

నాకు అన్నిటికంటే నచ్చింది యూజర్ మోడ్ లినక్స్. కెర్నల్ మామూలు ప్రోగ్రామ్‌లా నడుస్తుంది. హార్డ్‌వేర్ బోర్డు అక్కర్లేదు, వర్చువల్ మెషీన్ అక్కర్లేదు. దేవరకొండ, మహబూబ్‌నగర్ వైపు ఇంజనీరింగ్ పిల్లలకు నేర్పుతుంటాను. వాళ్లను బోర్డు కొనమంటే ఎక్కడి నుంచి తెస్తారు? ఉన్న పాత ల్యాప్‌టాప్‌లోనే ఒక్క కమాండ్‌తో టెస్టులు నడుపుకుంటున్నారు. మొదటి బిల్డ్‌కే టైమ్ పడుతుంది. ఎండాకాలం కరెంటు పోయినా బ్యాటరీ మీదే పని సాగిపోతుంది.

మార్చేవాళ్లకు ఒకటి గట్టిగా చెప్తాను. కేయూనిట్‌లో చెక్‌లు రెండు రకాలు: ఎక్స్‌పెక్ట్ తప్పినా టెస్ట్ ముందుకు పోతుంది, అసర్ట్ తప్పితే అక్కడే ఆగుతుంది. పాయింటర్ నల్ కాదని చూసే చోట అసర్టే పెట్టండి. అయితే అలా ఆగినప్పుడు కింద రాసిన ఫ్రీ లైన్లు నడవవు. అందుకే మెమరీని కేయూనిట్ ఇచ్చే ఫంక్షన్లతోనే తీసుకోవాలి. టెస్ట్ ముగిశాక అదే వదిలేస్తుంది.

అసలు హార్డ్‌వేర్ ఇంటరప్ట్‌లు, టైమింగ్ చూసే టెస్టులను మేం కదపలేదు. యూజర్ స్పేస్ నుంచి సిస్టమ్ కాల్ చేసి చూసేవి కెర్నల్‌లోనే ఉన్న మరో టెస్ట్ వ్యవస్థ కేసెల్ఫ్‌టెస్ట్‌లోనే ఉండాలి. స్టాటిక్ ఫంక్షన్లతో, అంటే తమ ఫైలు బయటికి కనిపించని వాటితో, మాత్రం ఇప్పటికీ చికాకే. వాటిని బయటపెట్టే మాక్రో ఉంది కానీ దానికి అసలు కోడ్‌లో చెయ్యి పెట్టాలి. మేం టెస్ట్ ఫైలునే అసలు ఫైలు చివర ఇంక్లూడ్ చేస్తున్నాం. చూడ్డానికి బాగోదు, పని మాత్రం జరుగుతోంది.