షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు వర్చువల్‌బాక్స్ ఎలా పనిచేస్తుంది?

భీమవరంలో రొయ్యల మేత షాపులకో, తణుకు పక్కన రైసు మిల్లులకో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు ఒక చిక్కు తప్పదు. కౌంటర్ మీద ఇంకా విండోస్ 10, ఓనరు ఇంట్లో విండోస్ 11, సర్వర్‌లో ఉబుంటు (ఒక లినక్స్). మూడు మెషీన్లు కొనే పని లేకుండా ఒకే ల్యాప్‌టాప్‌లో మూడింటినీ నడపాలంటే నా ఓటు వర్చువల్‌బాక్స్‌కే. కంప్యూటర్ (హోస్ట్) లోపల ఇంకో కంప్యూటర్‌ని (గెస్ట్, అంటే వర్చువల్ మెషీన్ లేదా వీఎం) నడిపే ప్రోగ్రామ్ ఇది. ఇలాంటిదే అయిన వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడా 2024 నవంబరు నుంచి వ్యాపార వాడకానికి సైతం ఉచితం, దాంట్లో విండోస్ స్క్రీన్ ఇంకాస్త చురుగ్గా కదులుతుంది. డౌన్‌లోడ్‌కి మాత్రం బ్రాడ్‌కామ్ అకౌంటు తెరవాలి.

16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే విండోస్ 11కి 4 జీబీ, ఉబుంటు సర్వర్‌కి 2 జీబీ ఇచ్చి రెండూ ఒకేసారి నడపొచ్చు. 8 జీబీ అయితే ఒకటి ఆపి ఇంకోటి తెరవాల్సిందే. బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) వీఎంలకు కావాల్సిన ప్రాసెసర్ సదుపాయం, అంటే ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం, ఆన్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి.

"వర్చువల్‌బాక్స్ నత్తనడక" అనేవాళ్లు ముందు వీఎం కిటికీ కింద కుడిమూల చూడాలి. అక్కడ ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఉంటే వీఎం నేరుగా కాకుండా విండోస్ సొంత వర్చువల్ మెషీన్ ఇంజిన్ హైపర్-వీ మీదుగా నడుస్తోందని, అందుకే నెమ్మదిగా ఉందని అర్థం. డబ్ల్యూఎస్‌ఎల్ 2 (విండోస్‌లోనే లినక్స్ నడిపేది), డాకర్ డెస్క్‌టాప్ (ప్రోగ్రాములను విడివిడి కంటైనర్లలో నడిపేది), విండోస్ సెక్యూరిటీలోని మెమరీ ఇంటెగ్రిటీ, వీటిలో ఏది ఆన్‌లో ఉన్నా ఇదే తంతు. మెమరీ ఇంటెగ్రిటీ ఆపి, అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో బీసీడీఎడిట్ (bcdedit) కమాండ్‌తో హైపర్‌వైజర్‌లాంచ్‌టైప్‌ని (hypervisorlaunchtype) ఆఫ్ చేసి రీస్టార్ట్ చేస్తే తాబేలు పోతుంది. దాంతోపాటే డబ్ల్యూఎస్‌ఎల్ 2, డాకర్ కూడా ఆగిపోతాయి, విండోస్ రక్షణ ఒక మెట్టు తగ్గుతుంది. రోజూ డాకర్ వాడేవాళ్లు డాకర్‌ని ఉబుంటు వీఎంలోనే పెట్టుకోవడం మేలు.

రెండో తలనొప్పి షేర్డ్ ఫోల్డర్, అంటే హోస్ట్‌కీ వీఎంకీ ఉమ్మడిగా కనపడే ఫోల్డర్. కోడ్ విండోస్‌లో ఉంచి ఉబుంటులో నడపాలని చాలామంది దీన్నే పట్టుకుంటారు. అందులో సిమ్‌లింకులు (వేరే ఫైలుకి దారి చూపే లింకులు) మామూలుగా కుదరవు కాబట్టి ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ లైబ్రరీలు తెచ్చే టూల్) ఇన్‌స్టాల్ మధ్యలో ఎర్రర్ కొడుతుంది. ఫైలు సేవ్ చేసిన కబురు అవతలికి చేరదు కాబట్టి సర్వర్ దానంతటది రీలోడ్ అవదు. కోడ్ ఉబుంటు డిస్క్‌లోనే ఉంచండి. వీఎం నెట్‌వర్క్ సెట్టింగుల్లో నాట్ (NAT) కింద పోర్ట్ ఫార్వార్డింగ్ తెరిచి హోస్ట్ పోర్ట్ 2222ని గెస్ట్ పోర్ట్ 22కి కలిపితే, వీఎస్ కోడ్ ఎడిటర్‌తో ఎస్‌ఎస్‌హెచ్ (వేరే మెషీన్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా నేరుగా అక్కడే రాసుకోవచ్చు. అన్నిటికంటే హాయైన పద్ధతి ఇదే.

మన షాపుల్లో బిల్లులు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌ని పరీక్షించడం నిజంగా బావుంటుంది. డివైసెస్ మెనూలో యూఎస్‌బీ కింద ప్రింటర్ పేరు మీద నొక్కితే అది విండోస్ 10 వీఎం చేతికి వెళ్తుంది. ఆ కాసేపూ హోస్ట్‌కి కనపడదు, కంగారు పడొద్దు. వర్చువల్‌బాక్స్ వెర్షన్ 7 నుంచి యూఎస్‌బీ 2, 3 మూల ప్యాకేజీలోనే వస్తున్నాయి. అంతకుముందు వాటికి ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అనే అదనపు ప్యాకేజీ కావాల్సొచ్చేది. ఆ ప్యాక్ సొంత వాడకానికీ చదువుకీ మాత్రమే ఉచితం, వ్యాపారానికి లైసెన్సు కొనాలి. అవసరం లేనప్పుడు వేసుకోకండి.

తుపాను రోజుల్లో కరెంటు సంగతి తెలిసిందే. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో వీఎం నడుస్తుండగా కరెంటు పోతే లోపలి డేటాబేస్ పాడయ్యే ప్రమాదం ఉంది. ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే సేవ్ స్టేట్ (వీఎంని ఉన్నచోటే ఆపి దాచేది) నొక్కేయండి. స్నాప్‌షాట్ (వీఎం ఫలానా క్షణంలో ఎలా ఉందో గుర్తుంచుకునేది) ఉంది కదా అని ధీమా వద్దు. అది అసలు డిస్క్ ఫైలు మీద ఆధారపడిన తేడాల ఫైలు మాత్రమే, అసలుది పోతే అదీ పోయినట్టే. వారానికోసారి వీఎంని పూర్తిగా షట్‌డౌన్ చేసి, దాని ఫోల్డర్ మొత్తాన్ని బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.