రూట్ కెనాల్ అయిన పన్నే మళ్ళీ సలిపింది, కారణం సీబీసీటీ స్కాన్‌లో దొరికింది

పై దవడ పన్నులో నాలుగో కాలువ (వేరు లోపల నరం ఉండే సన్నటి గొట్టం) అని ఒకటుంటుందని ఈ స్కాన్ దాకా నాకు తెలీదండి. రెండేళ్ళ కింద ఎడమవైపు మొదటి దవడ పన్నుకి రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు, అయినా గట్టిగా కొరికితే జివ్వుమనేది, అప్పుడప్పుడు చిగురు మీద చిన్న చీముపొక్కు లేచి దానంతటదే పోయేది. చిన్న ఎక్స్‌రే రెండుసార్లు తీశారు, రెండుసార్లూ ఫిల్లింగ్ బానే ఉంది అనే మాటే. చివరికి రూట్ కెనాల్ స్పెషలిస్టు దగ్గరికి వెళ్తే ఆ పన్ను వరకు సీబీసీటీ, అంటే పంటిని పొరలుగా చూపించే 3డీ ఎక్స్‌రే స్కాన్, తీయించుకు రమ్మన్నారు.

తీయడం నిమిషం పని. గడ్డం ఆనించి నిలబడితే మిషన్ తల చుట్టూ తిరుగుతుంది, కదలకూడదు, మింగకూడదు (అలా అన్నాకే గుటక వస్తుంది, అదేంటో).

అసలు సంగతి డాక్టర్ కంప్యూటర్లో చూపించినప్పుడు తెలిసింది. చెట్టు మాను అడ్డంగా కోసినట్టు పన్నుని పైనుంచి కిందికి పొరపొరగా చూడొచ్చు. మూడు వేర్లు, బుగ్గ వైపు రెండు, అంగిలి వైపు ఒకటి, ఒక్కోదాంట్లో ఫిల్లింగ్ తెల్ల చుక్కలా కనిపిస్తుంది. ముందు వేరులో మాత్రం ఆ చుక్క నడిమధ్య లేదు, బుగ్గ వైపుకి జరిగి ఉంది, రెండో పక్కన సన్నటి నల్లచుక్క. అదే వదిలేసిన కాలువ, ఎంబీ2 అంటారట, పై మొదటి దవడ పళ్ళలో సగానికి పైగా ఉండేదే. మొదటి కాలువ వెనకే సరిగ్గా నక్కి ఉంటుంది కాబట్టి మామూలు ఎక్స్‌రేలో రెండూ ఒకదాని మీద ఒకటి పడి ఒకటే అనిపిస్తాయి, కోణం మార్చి ఇంకోటి తీస్తే కొన్నిసార్లు పట్టుబడుతుందట, నాకు ఎవరూ తీయలేదు. ఒకే వేరులో కాలువలు ఎలా చీలి ఎలా కలుస్తాయో 1984లో వెర్టుచి అనే ఆయన 8 రకాలుగా విడగొట్టాడట, నాది రెండో రకం, పైన రెండుగా మొదలై చివర్లో కలిసిపోతుంది.

ఇక స్కాన్ సెంటర్ గురించి. మొదట రెండు దవడలూ కలిపి పెద్దది తీస్తామన్నారు, చీటీ చూపించి వద్దన్నా. చిన్న ఏరియా తీస్తే రేడియేషనూ తక్కువ, బొమ్మా సన్నగా వస్తుంది, ఎలాగూ చిన్న ఎక్స్‌రే కంటే ఎక్కువే పడుతుంది కదా. రిపోర్ట్ అయితే దండగ, నాలుగు బొమ్మలు అంటించి వేరు చివర ఇన్ఫెక్షన్ అని రాసిచ్చారు, నాలుగో కాలువ ఊసే లేదు. డైకామ్ ఫైల్ (స్కాన్ పొరలన్నీ ఉండే అసలు ఫైల్) అడిగితేగానీ ఇవ్వలేదు, అది లేకపోతే డాక్టర్ ఏం చూసేవారో. ఇంకోటి, క్యాప్ మెటల్ వల్లా పాత ఫిల్లింగ్ వల్లా తెల్లటి చారలు పడతాయి, కొన్ని పొరల్లో నా పన్ను ఎండలో తీసిన ఫోటోలా ఉంది.

తర్వాత క్యాప్ తీసి, మైక్రోస్కోప్ పెట్టి, పైన మూసుకున్న పంటి పొర కొద్దికొద్దిగా చెక్కితే స్కాన్ చూపించిన చోటే దొరికింది. పొక్కు మళ్ళీ రాలేదు ఇప్పటిదాకా. స్కాన్‌కి నాలుగు స్టార్లు, ఒకటి ఆ రిపోర్ట్ చూసి కోసేశా.