వాటర్లూ బల్ల మీదికి ఏ లోగిలి మేలు: ఊగుమోనా, లా హే సాంతా?

వాటర్లూ యుద్ధాన్ని బొమ్మ సైనికులతో ఆడాలనుకున్నవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే. 1815 జూన్ 18న నెపోలియన్ ఫ్రెంచ్ సేనను ఎదుర్కొన్న బ్రిటిష్ సేనాపతి వెల్లింగ్టన్ సేన ముందు కుడివైపు ఊగుమోన్, నడుమ బ్రస్సెల్స్ రోడ్డు పక్కన లా హే సాంత్ నిలిచాయి. రెండూ కట్టే ఓపిక, కట్టాక దాచుకునే అల్మారా ఉన్నవాళ్లతో నాకు పేచీ లేదు.

ఊగుమోన్‌ది గొప్ప వాలకం. దొరల ఇల్లు, చిన్న చర్చి, కొట్టాలు, ఇటుక ప్రహరీతో పెద్ద తోట, దక్షిణాన అడవి. చిక్కూ అక్కడే. అడవి, తోట వదిలేస్తే అది ఊగుమోన్ అనిపించుకోదు. అన్నీ పెడితే సగం బల్ల దానికే పోతుంది. పైగా మధ్యాహ్నం గుండ్ల దెబ్బకు ఇల్లూ కొట్టాలూ తగలబడ్డాయి, చర్చి మిగిలింది. అంటే పైకప్పులు మంచివీ కాలినవీ రెండు జతలు చేసుకోవాలి.

లా హే సాంత్ ఒకే లోగిలి. దాని కథంతా చిన్న వస్తువుల్లోనే ఉంది. ముందురోజు రాత్రి వానలో తడిసిన సైనికులు, పొలంవైపున్న ధాన్యపు కొట్టం తలుపు ఊడదీసి మంటేసుకున్నారు. తెల్లారాక వెల్లింగ్టన్ తరఫున అక్కడ కాపున్న మేజర్ బేరింగ్, ఆయన దగ్గరున్న సుమారు 400 మంది జర్మన్ రైఫిల్ సైనికులు ఆ బోసి గుమ్మాన్నే కాచుకోవాల్సి వచ్చింది. కిట్‌లో అక్కడ తలుపు ఇస్తే అతికించకండి. కొట్టం అంటుకున్నప్పుడు లోగిట్లోని కుంట నీళ్లు వంటగిన్నెలతో మోసి ఆర్పారు. కాబట్టి కుంట లేని లా హే సాంత్‌ను నేనైతే ఒప్పుకోను. సాయంత్రానికి తూటాలు అయిపోయి స్థావరం ఫ్రెంచ్‌వాళ్ల చేతికి పోయింది. బేరింగ్ వెంట మిగిలింది 42 మంది.

నా ఓటు దీనికే, అదీ 1:72లో, అంటే అసలు కొలతలో 72వ వంతుకు. 30 మీటర్ల గోడ అనుకుంటే 28 మి.మీ. ఎత్తు బొమ్మలకు సరిపోయే 1:56లో 54 సెంటీమీటర్లు వస్తుంది, 1:72లో 42, 1:100లో 30. ఆరడుగుల బల్ల మీద మొదటిది మరీ ఎక్కువ. చివరిదాంట్లో కుంట పక్కన గిన్నె పెడితే ఎవరికీ ఆనదు. ఇంకా చోటు చాలకపోతే గోడల పొడవు తగ్గించండి గానీ గుమ్మాల వెడల్పు తగ్గించొద్దు, సైనికుల కాళ్ల కింది బేస్‌లు దూరవు.

ఎండీఎఫ్ (నొక్కిన చెక్కపొడి పలక) కిట్టా, ఫోమ్ బోర్డా (రెండు కాగితాల మధ్య నురుగున్న అట్ట)? ఎండీఎఫ్ మూలలు చక్కగా కలుస్తాయి. కానీ 3 మి.మీ. పలక 1:72లో 22 సెంటీమీటర్ల గోడే అవుతుంది, కిటికీల్లో లోతు కనిపించదు. 5 మి.మీ. ఫోమ్ బోర్డు 36 సెంటీమీటర్ల మందం ఇస్తుంది. పాత రైతు గోడంటే అదీ. స్ప్రే పెయింట్ మాత్రం కొట్టొద్దు. ఓసారి తొందరపడి కొడితే, కోసిన అంచుల్లో నురుగంతా కళ్లముందే కరిగిపోయి కాగితమే మిగిలింది. బ్రష్‌తో ఆక్రిలిక్ వేసుకోండి.

పెంటకుప్పకు వాడేసి ఎండబెట్టిన టీపొడి, కత్తిరించిన కొబ్బరి పీచు చాలు. కుంటకు గోధుమరంగు మీద ఫెవికాల్ పల్చగా నాలుగు పొరలు, ఒక్కోటి రాత్రంతా ఆరాలి. అద్దంలా ఆరదు, కాస్త మసక మిగులుతుంది. పశువులు తాగే కుంటకు ఆ మసకే కావాలి.