వింత పండుగల మెనూ: భీమవరంలో ఒక బేకరీ

భీమవరంలో పెద్ద రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఈ బేకరీ మే మొదటి వారం నుంచి జూన్ రెండో వారం వరకు ఒక ప్రత్యేక మెనూ నడుపుతోంది. దానికి ఆధారం పంచాంగం కాదు. సినిమాల విడుదల తేదీలు, వీడియో గేముల పుట్టినరోజులు, ఎక్కడో విదేశాల్లో అభిమానులు సరదాకు మొదలుపెట్టుకున్న దినాలు. ఏ తేదీకి ఏ వంటకమో ముందుగానే గాజు తలుపు మీద అతికిస్తారు, ఆ రోజు కథను చిన్న అట్టముక్క మీద అచ్చువేసి ప్లేటుతో పాటు బల్ల మీద పెడతారు. కాలువలు కట్టేసి, ఊరంతా ఉక్కపోతతో అల్లాడే నెలలో జనాన్ని మధ్యాహ్నం పూట బేకరీకి రప్పించాలనుకోవడమే సాహసం. అయితే ప్లేటులోని పదార్థానికీ ఆ రోజుకూ నిజంగా పొత్తు కుదిరిందా అన్నది నేను ప్రధానంగా చూశాను. కొన్ని రోజులకు కుదిరింది, కొన్ని రోజులు రంగుతోనే సరిపెట్టుకున్నాయి.

మే 4న జరిపే స్టార్ వార్స్ దినం రంగు బాపతే. చిత్రంలో కథానాయకుడు ల్యూక్ ఇంట్లో కనిపించే నీలిరంగు పాల పేరుతో ఇచ్చినది చల్లటి బాదం పాలు. ఏలకుల వాసన బాగుంది, నీలం పెదవులకు అంటుకుంది, 90 రూపాయలు మాత్రం ఎక్కువ. అట్టముక్క రాసినవారి శ్రద్ధను మెచ్చుకోవాలి: 1979 మే 4న మార్గరెట్ థాచర్ బ్రిటన్ ప్రధాని అయినప్పుడు ఆ చిత్రంలోని ‘మే ద ఫోర్స్ బి విత్ యు’ అనే దీవెనను ‘మే ద ఫోర్త్’ అని తేదీతో ముడిపెట్టి ఆమె పార్టీవారు లండన్ పత్రికలో అభినందన ప్రకటన వేయించారనీ, అసలు చిత్రం విడుదలైనది 1977 మే 25న అనీ అందులో వివరించారు.

మే 9 మాత్రం పూర్తిగా మన రోజు. 1990లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’, మరుసటి ఏడాది ‘గ్యాంగ్ లీడర్’ ఇదే తేదీన విడుదలయ్యాయి. రెండింటి కథానాయకుడిదీ ఈ జిల్లాలోని మొగల్తూరే. బేకరీవారు ఇంద్రజ పోగొట్టుకున్న ఉంగరాన్ని పట్టుకున్నారు. గుండ్రంగా వేయించి, పంచదార పాకంలో ముంచి, పైన బంగారు రంగు పొడి చల్లిన తినుబండారం అది. పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉంది గాని పాకం మరీ మందంగా పేరుకుపోయి, రెండో ముక్కకే నోరు వెగటు పుట్టింది. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన అట్టముక్కను కళ్లజోడు పైకెత్తి చదివి, “సినిమా సంగతి తర్వాతండి, ఆ రోజు గాలివాన మాటేది?” అని కౌంటరులోని కుర్రవాడిని అడిగారు. నిజమే, 1990 మే 9న పెనుతుపాను కృష్ణా ముఖద్వారం సమీపంలో తీరం దాటింది. గోదావరి జిల్లాలు కూడా నష్టపోయాయి. అంత గాలివానలో విడుదలై కూడా నిలదొక్కుకోవడమే ఆ చిత్రం కథలో అసలు విశేషం కదా! స్టార్ వార్స్‌కు థాచర్ దాకా వెళ్లి వెతికినవారు, తమ వీధిలో ఎవరిని అడిగినా చెప్పే ఈ సంగతిని వదిలేయడం నాకు నచ్చలేదు.

మే 15న తలుపు మీద ఏ కాగితమూ లేదు. అది కాటన్ దొర పుట్టినరోజు, డెల్టాలో ఊరూరా విగ్రహాలకు దండలు వేసే రోజు. ధవళేశ్వరం ఆనకట్టను కేకుగా మార్చి కోసి అమ్మకపోవడం వివేకమని నా అభిప్రాయం.

మే 22న ప్యాక్‌మ్యాన్ పేరిట ఒక ముక్క తీసేసిన గుండ్రటి మామిడి కేకు పెట్టారు. 1980లో ఇదే తేదీన జపాన్‌లో తొలిసారి జనం ముందుకు వచ్చిన వీడియో గేము అది; అందులోని బొమ్మ నోరు తెరిచిన గుండ్రటి బిళ్లలా ఉంటుంది. ముక్క తీసినా ధర తగ్గలేదు. అడిగితే తూకం సరిగ్గానే ఉందని తూచి చూపించారు.

అన్నిటికన్నా బాగా కుదిరినది మే 25, తువ్వాలు దినం. రచయిత డగ్లస్ ఆడమ్స్ 2001 మే 11న మరణించగా, రెండు వారాల తరువాత అభిమానులు ఆయన జ్ఞాపకంగా తువ్వాలు వెంటబెట్టుకుని తిరిగారు; నక్షత్రాల మధ్య ప్రయాణించేవాడికి తువ్వాలును మించిన సాధనం లేదని ఆయన నవలలో ఉంది. మనకు రోహిణి కార్తె ప్రవేశించేది కూడా ఇంచుమించు ఆ రోజే కనుక, తువ్వాలు లేని భుజం ఎలాగూ కనపడదు. తువ్వాలు చూపినవారికి బిల్లులో పది శాతం తగ్గింపు అని ప్రకటించారు. కాలేజీ పిల్లలు మడత విప్పని కొత్త టవళ్లతో ఫొటోలు దిగుతుండగా, రొయ్యల చెరువుల మీద నుంచి తలపాగాతోనే వచ్చిన ఒకాయన మజ్జిగ తాగి డబ్బులిచ్చి, చిల్లర ఎక్కువ వచ్చిందని తిరిగి ఇవ్వబోయారు. “మీ తలకున్న తువ్వాలుకండి” అన్నాడు కుర్రవాడు. ఆయన తలపాగా విప్పి ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఏమీ అర్థం కాకపోయినా నవ్వి, మళ్లీ చుట్టుకుని వెళ్లిపోయారు. ఆ నవలలో కంప్యూటరు సర్వప్రశ్నలకూ ఇచ్చిన సమాధానం 42 కాబట్టి ఆ మజ్జిగ ధర కూడా 42 రూపాయలే. అల్లం, కరివేపాకు, నిమ్మాకు నలిపి వేసి, ఉప్పు తగుమాత్రంగా కలిపిన ఆ మజ్జిగను వేసవి అంతా అమ్మితే బాగుంటుంది.

జూన్ మొదటి శుక్రవారం డోనట్ దినం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులోని అమెరికా సైనికులకు డోనట్లు వండిపెట్టిన సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ మహిళల గౌరవార్థం 1938లో షికాగోలో మొదలైన ఆనవాయితీ ఇది. కథ గొప్పదే, కాని ప్లేటులోకి వచ్చినది మే 9 నాటి ఇంద్రజ ఉంగరమే, బంగారు పొడి లేకుండా! పాకం ఈసారి పలచబడింది కనుక రుచి మెరుగుపడింది, అంతవరకు క్షమించవచ్చు.

జూన్ 8 ప్రపంచ మహాసముద్రాల దినం. మృగశిర కార్తె కూడా ఆ దరిదాపుల్లోనే వస్తుంది. గోడ మీద తిమింగలం బొమ్మ, ప్లేటులో రొయ్యల పఫ్. ఆ రొయ్య సముద్రం ముఖం చూడని చెరువు రొయ్య అని భీమవరంలో ఎవరికీ చెప్పనక్కరలేదు, అయినా ఈ మెనూ మొత్తంలో డబ్బుకు తగిన వంటకం ఇదొక్కటే. అల్లం వెల్లుల్లి మసాలా ఘాటుగా పట్టింది, పొరలు వేలితో తాకితే రాలుతున్నాయి, రొయ్యలు రబ్బరులా సాగలేదు. ధర 60 రూపాయలు. సాయంత్రం నాలుగింటికి పొయ్యి మీద నుంచి దిగుతాయి, ఆరు దాటితే మిగలవు. కూర్చునే చోట ఏసీ అంతంతమాత్రమే కనుక పొట్లం కట్టించుకుని వెళ్లడం మేలు.