కడప–గన్నవరం విమానం: టికెట్ మీద గంట, ఇంటి నుంచి లెక్కేస్తే నాలుగు

కడప నుంచి విజయవాడకు విమానంలో ఎంతసేపు అని నెట్‌లో కొడితే దూరం దాదాపు 310 కిలోమీటర్లు, టైము ముప్పావు గంటలోపే అని చూపిస్తుంది. దూరం సరే, టైము మాత్రం జెట్ విమానం వేగంతో వేసిన లెక్క. నేను ఈ రూట్లో ఎక్కుతూ వచ్చింది ఏటీఆర్-72, ఫ్యాన్లు తిరిగే చిన్న విమానం, పైకెళ్లాక కూడా గంటకు 500 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. టికెట్ మీద గంటకు పైనే వేస్తారు, గాల్లో ఉండేది యాభై నిమిషాలు, ఒక్కోసారి ఇంకో పది.

ఆ పది ఎక్కడ పోతాయంటే విజయవాడ ఎయిర్‌పోర్టు ఉన్న గన్నవరంలో. మనం వచ్చేది నైరుతి నుంచి, రన్‌వే ఉన్నది తూర్పు పడమరలుగా. గాలిని బట్టి తూర్పు వైపు నుంచి దిగాల్సి వస్తే కృష్ణా నది దాటాక ఊరు కిందే కనిపిస్తున్నా విమానం ముందుకెళ్లి, పొలాల మీద చుట్టు తిరిగి, అప్పుడు దిగుతుంది. డిసెంబరు, జనవరి పొద్దున్నే మంచు పట్టిందంటే ఈ లెక్కలన్నీ వదిలేసుకోవడమే.

2022 మార్చిలో ఈ సర్వీసు మొదలైనప్పటి నుంచి పని మీద తిరుగుతున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా, అసలు టైమంతా తినేది నేల మీదే. కడప ఎయిర్‌పోర్టు ఊరికి పన్నెండు కిలోమీటర్లు, యర్రగుంట్ల రోడ్డులో. బ్యాగు ఇవ్వాలంటే కౌంటరు గంట ముందే మూసేస్తారు, అంటే ఇంట్లో రెండు గంటల ముందు కదలాలి. దిగాక గన్నవరం నుంచి బస్టాండుకు ఇరవై కిలోమీటర్లు, సాయంత్రమైతే రామవరప్పాడు రింగు దగ్గర ఎంతసేపు ఆగుతామో ఎవరూ చెప్పలేరు. మొత్తం కలిపితే నాలుగు గంటలు. బస్సులో అయితే గిద్దలూరు, వినుకొండ, గుంటూరు మీదుగా రాత్రంతా. అంటే సగం మిగులుతుంది, నడుము పూర్తిగా మిగులుతుంది.

ఇబ్బందల్లా రోజులతోనే. ఈ సర్వీసు రోజూ ఉండదు, షెడ్యూలు మారినప్పుడల్లా రోజులూ టైములూ మారతాయి. పొద్దున వెళ్లి పని చూసుకుని సాయంత్రానికి తిరిగొద్దామంటే చాలాసార్లు కుదరదు, రాత్రికి అక్కడే లాడ్జి లేదా తిరుగు బస్సు. రద్దయిందని మెసేజ్ కూడా ఒకసారి నేను సగం దారిలో ఉండగా వచ్చింది. డబ్బులు వెనక్కి ఇచ్చారు గానీ మర్నాటి మీటింగుకు ఆ రాత్రి బస్సే దిక్కయింది. అందుకే పెళ్లి ముహూర్తానికో, కోర్టు వాయిదాకో దీన్నే నమ్ముకోకండి, ఒకరోజు ముందు వెళ్లండి.

కడప ఎయిర్‌పోర్టు మాత్రం నాకు భలే ఇష్టం. చిన్న ఊళ్లకు తక్కువ ధరకు విమానాలు నడిపించే కేంద్రం ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్‌లో ఎగిరిన మొదటి విమానాల్లో కడప–హైదరాబాద్ ఒకటి, అయినా ఇప్పటికీ హడావుడి లేదు. సెక్యూరిటీ ఐదు నిమిషాల్లో అయిపోతుంది, విమానం దాకా నడిచే వెళ్తాం, ఎక్కేది వెనక తలుపు నుంచి. ట్రాలీ బ్యాగు పైన అరలో పట్టదు, మెట్ల దగ్గరే ట్యాగు వేసి తీసుకుంటారు, ల్యాప్‌టాప్, మందులు ముందే బయటికి తీసి పెట్టుకోండి. ఫ్యాన్ల పక్క వరుసల్లో మోత ఎక్కువ, వెనక సీటు అడగండి. ఎండాకాలం మధ్యాహ్నాలు కొండల మీద కుదుపులుంటాయి, తిని వెంటనే ఎక్కకపోతే మంచిది.

ప్రొద్దుటూరు, యర్రగుంట్ల వాళ్లకు కడప ఊళ్లోకి రాకుండానే ఎయిర్‌పోర్టు తగులుతుంది కాబట్టి మాకంటే వాళ్లకే ఇంకా లాభం. తిరిగొచ్చేటప్పుడు మాత్రం కారు ముందే మాట్లాడుకోండి, దిగాక యాప్‌లో వెతుక్కుందాంలే అనుకుంటే కుదరదు.