ఓటమి లేని సీజన్: లీగ్‌లోనా, నాకౌట్‌లోనా?

బెంగళూరులో మా మారతహళ్లి వైపు స్కూల్ ఫుట్‌బాల్ టీముల్లో తెలుగు పిల్లలు బాగానే కనిపిస్తారు. ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా సీజన్ ముగించడం లీగ్‌లో గొప్పా, నాకౌట్‌లో గొప్పా అన్నది వాళ్ల తల్లిదండ్రులు అడిగే ప్రశ్న.

నాకౌట్‌లో ఓడితే ఆ రోజే ఇంటికి. స్కోరు సమమైతే పెనాల్టీ కిక్‌లతో తేల్చే షూటౌట్‌లో పదిహేనేళ్ల కుర్రాడు బంతిని చుక్క మీద పెట్టి, మళ్లీ సర్ది, గోల్‌కీపర్ వైపు చూడకుండా వెనక్కి నడుస్తాడు చూడండి, అన్ని జట్లూ ఒకదానితో ఒకటి ఆడి పాయింట్లు కూడబెట్టే లీగ్‌లో ఆ టెన్షన్ ఉండదు.

అయినా నా ఓటు లీగ్‌కే. డ్రా చేసుకున్నా ఓడనట్టే కాబట్టి తేలికనుకుంటారు. కానీ 2003-04లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఆర్సెనల్ జట్టు 38 మ్యాచ్‌లలో 26 గెలిచి, 12 డ్రా చేసుకుని ఒక్కటీ ఓడలేదు. నెలల తరబడి గాయాలు, వానలు, అలసట తట్టుకుంటేనే అది సాధ్యం. స్కూల్ జట్టుకైతే పరీక్షలు అదనం. పైగా అన్ని మ్యాచ్‌లకూ పదకొండు మందే సరిపోరు, బెంచ్ మీది పిల్లలకూ ఆట దొరుకుతుంది. మీవాడు ఇప్పుడే మొదలుపెడుతుంటే ముందు లీగ్‌లోనే చేర్పించండి.